సర్కారుతో రాజీ: అడ్డుకట్టల ఖర్చు ఎవరిది?



దావా ఓడినవాడు కచ్చేరిలో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చును అని మన పెద్దలు చెప్పుదురు. ఇద్దరు రైతుల నడుమ గట్టుతగాదా యైనచో ఈ సామెత సరిగా సరిపోవును. కాని ఒక పక్షమున రైతును, రెండవ పక్షమున సర్కారును నిలిచినప్పుడు ఏడ్వవలసినవాడు మూడవవాడొకడు కలడు. వాని పేరు దావా కాగితములలో ఉండదు. వానికి సమను రాదు, వాయిదా తెలియదు. అయినను తుదకు డబ్బు చెల్లించువాడు వాడే. వాడు మరెవరో కాదు. చమురు, ఎరువు కొనునప్పుడెల్ల పన్ను కట్టు మనమే.

సర్కారు కచ్చేరీలు ప్రజలతో రాజీపడు అధికారమును ఎంత కుదించిన ఖజానాకు అంత మేలని పలువురు తలంచుచున్నారు. అధికారి చేతికి రాజీ కలము ఇచ్చినచో లంచమునకు దారి యగునని వారి భయము. ఆ భయము వట్టిది కాదు. కాని ఆ భయమునకు మనము చెల్లించు వెల యెంతయో లెక్క కట్టినవారు అరుదు. ఆ లెక్కను మన సంఘ సభ్యుల ముందుంచుటయే నా ఉద్దేశము.

ఈ సంగతి మన షాద్‌నగరు ప్రాంతమునకు దూరపు సంగతి కాదు. బెంగుళూరు పెద్దరోడ్డు మన నడుమనుండి పోవుచున్నది. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచిన తరువాత మన చెలక భూముల ధర ఆముదపు పంటతోను, మక్కపంటతోను సంబంధము లేకుండ పెరిగినది. 2015 జూను 11వ తేదీన కరివెన వద్ద శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకములో మన ప్రాంతమునకై లక్ష్మీదేవిపల్లి జలాశయము ప్రతిపాదింపబడినది. ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగమును మన సమీపమున పోవునట్లు తలపెట్టిరి. నీరు కావలయును, దారి కావలయును, కాదనువాడెవడు? కాని రెంటికిని భూమి కావలయును. భూమి తీసికొన్నచోట పరిహారపు తగవు తప్పదు. కనుక రైతు జీవితములో సర్కారుపై వేయు మొదటి దావా సాధారణముగా భూసేకరణ దావాయే యగుచున్నది.

ఆ దావా నడుచు తీరును తెలిసికొందము. కలెక్టరు అవార్డు ఇచ్చును. అది చాలదని రైతు ఆక్షేపించును. పాత 1894వ సంవత్సరపు చట్టమున 18వ సెక్షను క్రింద సివిలు కోర్టునకును, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 చట్టమున 64వ సెక్షను క్రింద ప్రత్యేక అథారిటీకిని ఆ ఆక్షేపణ పోవును. అచ్చట పరిహారము పెరిగినచో సర్కారు హైకోర్టునకు అప్పీలు చేయును. అచ్చటను ఓడినచో సుప్రీంకోర్టు ఉండనే యున్నది. ఈ మెట్లన్నియు ఎక్కి దిగునప్పటికి దావా వేసిన తండ్రి పోయి కొడుకు వారసుడుగా చేరిన దావాలు మన ఊళ్లలో కొత్త కాదు.

ఇప్పుడు వడ్డీ సంగతి. 1894 చట్టపు 28వ సెక్షనులోను, 2013 చట్టపు 72వ సెక్షనులోను ఒకే రీతి యున్నది. కోర్టు పెంచిన సొమ్ముపై, భూమి స్వాధీనపరచుకొన్న నాటినుండి మొదటి యేడు నూటికి 9 రూపాయలు, ఆపైన ప్రతి యేడును నూటికి 15 రూపాయలు వడ్డీ చెల్లించవలయును. ఒక రైతునకు కోర్టు లక్ష రూపాయలు పెంచినదనుకొనుడు. రెండవ యేటి చివర సర్కారు రాజీపడి ఆ సొమ్ము ఇచ్చివేసినచో వడ్డీ 9 వేలును, 15 వేలును కలిసి 24 వేలు. అదే దావా పదియేండ్లు సాగి తీర్పు రైతు పక్షమున స్థిరపడినచో మొదటి యేటికి 9 వేలు, తక్కిన తొమ్మిదేండ్లకు లక్షా ముప్పది యైదు వేలు, మొత్తము లక్షా నలుబది నాలుగు వేలు వడ్డీ. అసలు కన్న వడ్డీ మించినది. ఈ రెంటికి నడుమ తేడా లక్షా ఇరువది వేలు. ఆ సొమ్ముతో కాలువలో ఒక గజము మట్టి తీయబడలేదు, ఒక బడికి పైకప్పు వేయబడలేదు. వట్టి కాలయాపనకు కట్టిన కూలి యది.

మన సహకార సంఘమున పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించిన రైతునకు రాయితీ పోగా 4 మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వము బహిరంగ విపణిలో అప్పు తెచ్చినను ఇటీవలి సంవత్సరములలో సుమారు 7, 8 శాతమునకే లభించుచున్నది. ఎనిమిదింటికి అప్పు దొరకు చోట పదునైదింటి అప్పును సంవత్సరముల తరబడి మోయు రైతును మన సంఘ కార్యదర్శి ఏమనును? ఇల్లు గుల్ల చేసికొనుచున్నాడని మందలించును. సర్కారు అదే పని చేసినచో మాత్రము ఖజానాను కాపాడుచున్నదని మెచ్చుకొందుమా?

ఇట్లేల జరుగుచున్నది? అధికారులు చెడ్డవారని నేననను. రాజీ కాగితముపై సంతకము చేసిన అధికారి పేరు ఆ కాగితముపై నిలిచిపోవును. ఏటేట ఆడిటు వచ్చి, ఈ పెంపు ఏల ఒప్పుకొంటివని అడుగును. అప్పీలు చేసిన అధికారిని అట్లడుగువారు లేరు. వడ్డీ పెరుగునప్పటికి అతనికి బదిలీ యగును. చెల్లింపు నాటికి మూడవవాడో నాలుగవవాడో ఆ కుర్చీలో ఉండును. మందు వాడనివానికి శిక్ష లేక, మందు వాడినవానికి మాత్రమే సంజాయిషీ ఉన్న ఊరిలో తెగులు ఏ మడిలో ఆగును?

చట్టము రాజీని కోరలేదా యన్నచో, కోరినది. సివిలు ప్రొసీజరు కోడులో 80వ సెక్షను క్రింద సర్కారుపై దావా వేయుటకు ముందు రెండు నెలల నోటీసు ఇచ్చుట ఎందులకు? ఆ రెండు నెలలలో సర్కారు ఆలోచించి, న్యాయమైన కోరికయైనచో ఒప్పుకొని, దావా ఖర్చు తప్పించుకొనుటకే. 1976 సవరణచే 27వ ఆర్డరులో చేరిన 5బి నియమము, సర్కారు పక్షమైన దావాలలో రాజీకి తోడ్పడుట కోర్టు విధి యని చెప్పుచున్నది. పంజాబు రాష్ట్రపు వ్యాజ్యమొకదానిలో జస్టిసు కృష్ణయ్యరుగారు, ప్రభుత్వము పౌరునితో పోరాటపు తీరున గాక సామరస్యపు తీరున తగవు తీర్చుకొనవలయునని హితవు చెప్పిరి. 1988లో లా కమీషను తన 126వ నివేదికను సర్కారు వ్యాజ్యముల సంగతికే కేటాయించినది. 2005లో సుప్రీంకోర్టు, 80వ సెక్షను నోటీసులకు జవాబే రాకుండుట, వచ్చినను పొడిపొడి మాటలుగా ఉండుట గమనించి ఆక్షేపించినది. మాటలకు కొరత లేదు. లేనిది సంతకము చేయు చేతికి ధైర్యము.

ఇంతలో కొత్త అడ్డుకట్టలు లేచినవి. 2023లో పార్లమెంటు ఆమోదించిన మధ్యవర్తిత్వ చట్టము మొదటి షెడ్యూలులో, మధ్యవర్తిత్వమునకు తగని తగవుల పట్టిక యున్నది. అందు భూసేకరణయు, దాని పరిహార నిర్ణయమును చేర్చబడినవి. సర్కారు పక్షమైన తక్కిన తగవులలోనైనను, పై అధికారి వ్రాతపూర్వకమైన ముందస్తు అనుమతి లేనిదే ఒప్పందముపై సంతకము కూడదని ఆ చట్టమే చెప్పుచున్నది. బట్టల మిల్లునకును నూలు వర్తకునికిని వచ్చిన తగవు మధ్యవర్తి వద్ద తీరవచ్చును. రెండెకరములు పోయిన రైతు తగవు మాత్రము తీరరాదట. అనుమతి ఉండవలసినదే. కాని పట్టికలో చేర్చి తలుపు మూయుట వేరు, తలుపు వద్ద కాపలా పెట్టుట వేరు.

మరియొక సంగతి మన సభ్యులు శ్రద్ధగా గమనింపవలయును. 1984లో పాత చట్టమునకు 28-ఎ సెక్షను చేర్చిరి. ఒకే నోటిఫికేషనులో భూమి పోయిన వారిలో ఒకడు కోర్టుకు పోయి పెంపు తెచ్చుకొన్నచో, పోలేని పేదవాడును ఆ తీర్పు నాటినుండి మూడు నెలలలో దరఖాస్తు చేసి అదే రేటు కోరవచ్చును. 2013 చట్టమున 73వ సెక్షను అట్టిదే. అయితే లోక్ అదాలతులో ఒకనికి రాజీమీద రేటు పెరిగినచో పొరుగువానికి అది వర్తించునా? ఉత్తరప్రదేశమున నోయిడా సంస్థ వ్యాజ్యములో 2022 ఫిబ్రవరి 3వ తేదీన సుప్రీంకోర్టు, వర్తించదని తీర్పు చెప్పినది. లోక్ అదాలతు తీర్పరి కాదు, రాజీని నమోదు చేయునదే. కావున దాని అవార్డు కోర్టు నిర్ణయము వంటిది కాదని కారణము చూపినది.

ఈ తీర్పులోని న్యాయమును నేను కాదనను. ఒక అధికారియు ఒక రైతును కలిసి వ్రాసికొన్న రేటు ఊరందరికి శాసనమైనచో, ఆ భయముచేతనే ఏ అధికారియు రాజీపడడు. కాని దీని ఫలితమును చూడుడు. పొరుగువానికి మేలు కావలయునన్నచో మొదటివాడు రాజీపడక తుదివరకు పోరాడవలయును. తాను రాజీపడినచో తన మేలు తనతోనే ఆగును. నూరుగురు రైతులు నూరు దావాలు వేయవలయును. నూరు దావాలకు నూరు వకీలు ఫీజులు, సర్కారు పక్షమునను అట్లే ఖర్చు, కోర్టు కాలము సరేసరి. ఒక నోటిఫికేషనులోని సాటి భూములవారందరికి ఒకే రాజీ చూపు పద్ధతిని చట్టమే కల్పించి యుండినచో ఈ చిక్కు కొంత తీరెడిది.

రోడ్ల విషయమును ఇట్లే నడచినది. 1956 జాతీయ రహదారుల చట్టము క్రింద 1997, 2015 సంవత్సరముల నడుమ తీసికొన్న భూములకు సొలేషియమను ఊరట సొమ్మును, దానిపై వడ్డీని ఇయ్యరాదన్న నిబంధన చెల్లదని 2019 సెప్టెంబరు 19వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పును మునుముందు సేకరణలకు మాత్రమే పరిమితము చేయుడని రహదారుల సంస్థ మరల కోరినది, భారము మోయలేమన్నది. 2025 ఫిబ్రవరి 4వ తేదీన కోర్టు నిరాకరించినది. భారము నిజమే. కాని ఒక్కనాటిలో వచ్చిపడిన భారము కాదది. ఇయ్యవలసినది ఇయ్యక యేండ్లు గడపినచో వడ్డీతో పేరుకొన్నది. గోటితో పోవుదానిని గొడ్డలివరకు తెచ్చుకొనుట యనగా నిదియే.

ఖాతాలలో కనబడని ఖర్చు వేరే కలదు. 1981లో శ్రీశైలము ఆనకట్ట నీటిలో మన పాలమూరు జిల్లాలోని కొల్లాపురము, ఆలంపురము వైపు గ్రామములును, కర్నూలు జిల్లా గ్రామములును మునిగినవి. పరిహారము చాలదని కోర్టుకెక్కగలిగినవారికి పెంపు దొరకినది. ఎక్కలేనివారికి మొదట చేతిలో పెట్టినదే మిగిలినది. 1986లో నిర్వాసిత కుటుంబములవారికి కొలువులిత్తుమని 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడినను, దాని అమలుకై దశాబ్దముల తరబడి అర్జీలు నడచినవి. పరిహారము ఆలస్యముగా వచ్చినచో మరల భూమి కొనగల రైతు కూలివాడుగా మారును. వాని పిల్లల చదువు ఆగును. ఆ నష్టమునకు 15 శాతము వడ్డీ కూడ చాలదు. పైగా ఒక ఊరిలో సర్కారు మాట తప్పినదన్న వార్త పది ఊళ్లకు ప్రాకును. తరువాతి పథకమునకు కొలత గొలుసు పట్టుకొని వచ్చినవానికి ఎవరును గట్టు చూపరు. పథకము ఆగును, అంచనా పెరుగును. ఆ పెంపును చెల్లించువాడు ఎవడో మొదటనే చెప్పితిని.

ఇక ఎదుటి పక్షమువారి వాదము. రాజీకి తలుపులు బార్లా తెరచినచో బలవంతుడు బలహీనునితో చేసికొనునది రాజీ కాదు, లొంగుబాటు అని వారందురు. ఇది నిజము, దీనికి మన రాష్ట్రముననే నిదర్శనము కలదు. 2015 జూలై 30వ తేదీన తెలంగాణ సర్కారు 123వ సంఖ్యగల ఉత్తర్వు వెలువరించి, 2013 చట్టపు తతంగము లేకుండ రైతులతో మాటలాడి భూమి కొనుగోలు చేయ మొదలిడినది. త్వరగా సొమ్ము చేతికి వచ్చినదని సంతోషించినవారు కలరు. కాని ఆ కొనుగోలులో సామాజిక ప్రభావ విచారణ లేదు, పునరావాసపు హక్కు లేదు. భూమి లేక ఆ భూమిపైననే కూలి చేసి బ్రతుకువారి పేరే రాలేదు. మెదకు జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకు పోగా 2016 ఆగస్టు 3వ తేదీన ఆ ఉత్తర్వు కొట్టివేయబడినది. అటుపిమ్మట అప్పీళ్లు, కూలీలకై కొత్త ఉత్తర్వులు, 2017లో ఇష్టపూర్వక సేకరణకు చోటిచ్చు రాష్ట్ర సవరణ చట్టము వచ్చినవి. తొందరపాటు రాజీ తిరిగి వ్యాజ్యమునకే దారి తీసినది. గట్టి పునాది లేని గోడను రెండుమార్లు కట్టవలసివచ్చును.

విదేశములలోను ఈ చర్చ కలదు. అమెరికాలో 2018 నవంబరు 7వ తేదీన అటార్నీ జనరలు జెఫ్ సెషన్సు, కేంద్ర ప్రభుత్వము రాష్ట్ర, నగర ప్రభుత్వములతో కోర్టు పర్యవేక్షణలో చేసికొను రాజీ డిక్రీలకు గట్టి కట్టుబాట్లు విధించెను. ఎన్నికైన స్థానిక ప్రభుత్వము చేయవలసిన పనిని కోర్టులు ఏండ్ల తరబడి శాసింపరాదని ఆ పక్షమువారి వాదము. తలుపు మూసినచో అన్యాయము పొందిన పౌరునికి దిక్కేదని రెండవవారి వాదము. 2021 ఏప్రిలులో మెరికు గార్లాండు ఆ కట్టుబాట్లను తీసివేసెను. మనవంటి పల్లెవాసులకు దీనిలో గ్రహింపదగిన దొకటే. సర్కారు రాజీపడవచ్చునా లేదా యన్నది మనుష్యులనుబట్టి మారునది కారాదు. స్థిరమైన నియమముగా ఉండవలయును.

కావున నేను కోరునది హద్దులేని రాజీ కాదు. వెలుతురులో జరుగు రాజీ. దానికి ఈ క్రింది యేర్పాట్లు చాలునని నా అభిప్రాయము.

మొదటిది: ప్రతి జిల్లాలో ఒక రాజీ సంఘము ఉండవలయును. అందు విశ్రాంత న్యాయమూర్తి, ఖజానా అధికారి, సేకరణ చేసిన శాఖవారు కూర్చుండవలయును. కొంత మొత్తమువరకు వారికే నిర్ణయాధికారము ఉండవలయును. కారణములు వ్రాసి సద్బుద్ధితో చేసిన రాజీపై సంతకము చేసినవానికి ఆడిటు బాధ ఉండరాదు.

రెండవది: అప్పీలు చేయదలచిన ప్రతి ఫైలుపైనను వడ్డీ లెక్క మొదటి పుటలో వ్రాయవలయును. లక్షకు ఏటికి పదునైదు వేలు, అనగా దినమునకు సుమారు 41 రూపాయలు. ఈ అంకె కంటికి కనబడినచో కలము కొంచెము ఆగి ఆలోచించును.

మూడవది: ఒకే నోటిఫికేషనులోని సాటి భూములకు ఒకే రాజీ రేటు చూపవలయును. గట్టివానికొకటి, మెత్తనివానికొకటి కూడదు.

నాలుగవది: రాజీ షరతులు తెలుగులో వ్రాసి గ్రామపంచాయితీ పలకపై అంటించవలయును. చదువుకొనుటకు, పెద్దలను, వకీలును అడుగుటకు పదునైదు దినముల గడువు ఉండవలయును. కౌలుదారుల, కూలీల హక్కులను ఆ కాగితమున వేరుగా వ్రాయవలయును.

ఐదవది: 2023 చట్టపు పట్టికనుండి పరిహార మొత్తము తగవును తొలగింపవలయును. భూమి తీసికొనవచ్చునా కూడదా యన్నది కోర్టు తేల్చవలసిన ప్రశ్న. ఎంత ఇయ్యవలయునన్నది మాటలాడి తేల్చుకొనదగిన ప్రశ్న.

ఇవి జరుగువరకు మన సభ్యులు తాము చేయదగినది చేయవలయును. అవార్డు సొమ్ము పుచ్చుకొనునప్పుడు ఆక్షేపణతో పుచ్చుకొనుచున్నానని వ్రాసి ఇయ్యుడు; అట్లు వ్రాయనివానికి 2013 చట్టపు 77వ సెక్షను ప్రకారము పెంపు కోరు హక్కు పోవును. అవార్డు నాడు హాజరైనవారు ఆరు వారములలో దరఖాస్తు చేయవలయును. హాజరు కానివారికి నోటీసు అందిన ఆరు వారములు గాని, అవార్డు నాటినుండి ఆరు నెలలు గాని, ఏది ముందు ముగియునో అదే గడువు. పొరుగువానికి కోర్టులో పెంపు వచ్చినదని తెలిసినచో మూడు నెలల గడువు మరువకుడు. లోక్ అదాలతుకు పిలుపు వచ్చినచో ఒంటరిగా పోకుడు. ఊరి సాటి రైతులందరును కలిసి ఒకే మాటపై పోవుడు. ఏలయన 1987 చట్టపు 21వ సెక్షను ప్రకారము ఆ రాజీకి అప్పీలు లేదు, మీ రాజీ పొరుగువానికి దక్కదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి, ఆదాయము తక్కువగలవారికి న్యాయసేవాధికార సంఘముచే ఉచితముగా వకీలు లభించును, అడుగుటకు సిగ్గుపడకుడు.

విత్తనము ఒక్కొక్కరు కొన్నచో అంగడివాడు చెప్పినదే ధర. సంఘముగా కొన్నచో మనము చెప్పినదానికిని విలువ కలదు. పరిహారపు మాటలోను ఇదియే సూత్రము. సంఘ కార్యవర్గము ఊరూర భూమి పోయిన సభ్యుల పట్టిక వ్రాసి, అవార్డు తేదీ, గడువు తేదీ, సేకరించిన శాఖ పేరు గుర్తించి ఉంచినచో, సర్కారువారికిని రాజీ మాటలాడుటకు ఎదుట ఒక పక్షము స్పష్టముగా కనబడును. ఈ నెల సమావేశముననే ఆ పట్టిక ప్రారంభింపవలయునని కార్యవర్గమువారికి నా మనవి.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, షాద్‌నగర్